బాత్రూమ్ టైల్స్ సందులకు ఏది మేలు: సిమెంటు గ్రౌటా, ఎపాక్సీయా?

టైల్స్ ఎంత మంచివి వేసినా బాత్రూమ్‌లో ముందు పాడయ్యేవి వాటి మధ్య సందులే. నల్లబడతాయి, పొడిపొడిగా రాలతాయి, గుంటలు పడతాయి. మళ్లీ నింపాల్సి వచ్చినప్పుడు ముందున్నవి మూడు దారులు: వైట్ సిమెంటు, సిమెంటు గ్రౌటు, ఎపాక్సీ గ్రౌటు.

వైట్ సిమెంటు సంగతి తొందరగా తేల్చేయొచ్చు. అందులో పట్టునిచ్చే పాలిమర్ ఉండదు. ఆరేటప్పుడు కుంచించుకుపోయి టైలు అంచు వెంబడి సన్నటి పగులు ఇస్తుంది, నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. మేస్త్రీ ‘ఇది చాలు’ అన్నా తడి నేలకు ఒప్పుకోకండి.

సిమెంటు గ్రౌటులో రెండు రకాలున్నాయి. సందు 3 మి.మీ. కన్నా సన్నగా ఉంటే ఇసుక లేనిది, వెడల్పుగా ఉంటే సన్న ఇసుక కలిసినది తీసుకోవాలి. వెడల్పు సందులో ఇసుక లేనిది నింపితే పగుళ్లు వస్తాయి. కలిపేటప్పుడు దీన్ని ఎక్కువగా చెడగొట్టేది నీళ్లే. ప్యాకెట్ మీద రాసినన్ని కొలిచి పోయండి. పలచగా ఉంటే పని సులువని ఇంకాస్త పోస్తే, ఆ అదనపు నీరు ఆవిరైన చోట సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. గ్రౌటు మెత్తబడుతుంది, రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా తేలుతుంది. కలిపాక 5–10 నిమిషాలు వదిలి, మళ్లీ నీళ్లు పోయకుండా ఒకసారి కలిపి, రబ్బరు ఫ్లోట్‌తో (రబ్బరు అడుగున్న తాపీతో) టైలుకు ఐమూలగా నెట్టాలి. తుడిచే స్పాంజిని గట్టిగా పిండాలి. అది నీళ్లోడుతుంటే సందులోని రంగంతా కడిగేస్తుంది.

దీని అసలు బలహీనత ఆమ్లం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ నేలమీద పోయగానే నురగ వస్తుంది చూడండి, మురికి పోతోందనుకుంటాం. అక్కడ కరుగుతున్నది గ్రౌటు కూడా. ఆ అలవాటు మానలేని ఇంట్లో సిమెంటు గ్రౌటు నిలవదు. పైగా ఇది నీళ్లను పీలుస్తుంది కాబట్టి బాగా ఆరాక సీలర్ (నీళ్లు ఇంకనివ్వని పూత) పూయాలి. తర్వాత ఎప్పుడైనా సందుమీద నీటిచుక్క వేసి చూడండి. పూసలా నిలిస్తే సరే, ఇంకిపోతే సీలర్ మళ్లీ పూయాల్సిందే.

ఎపాక్సీకి సీలర్ అక్కర్లేదు. రెజిన్ (జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), ఫిల్లర్ (పొడి) కలిపితే తయారయ్యే ఇది నీళ్లు పీల్చదు, మరకలు లోపలికి దిగవు, ఇళ్లలో వాడే క్లీనర్లకు లొంగదు. కాకపోతే పనివాడి చెయ్యి తిరిగి ఉండాలి. కిట్‌లో సగం కావాలంటే తూకం వేసి పాళ్లు తప్పకుండా తీయాలి. కంటి అంచనాతో కలిపితే కొన్నిచోట్ల జిగటగానే ఉండిపోతుంది. కలిపిన ముద్దను గిన్నెలో కుప్పగా ఉంచితే దాని వేడికి అదే త్వరగా బిగుస్తుంది, పళ్లెంలో పలచగా పరచుకోండి. కలిపాక పని చేసుకోగలిగే సమయం సుమారు 30–60 నిమిషాలు, ఎండకాలం ఇంకా తక్కువ. అందుకే ఒకేసారి కొద్ది మేరే నింపి, వెంటనే టైలు తుడవాలి. పొరగా బిగిసిపోయాక గీకినా వదలదు. గరుకు టైల్స్ గుంటల్లో ఇది మరీ మొండిగా పట్టుకుంటుంది కాబట్టి ముందు ఒక మిగులు టైలు మీద ప్రయత్నించి చూడండి. గ్లవ్స్ తప్పనిసరి, రెజిన్‌తో చర్మానికి అలర్జీ రావచ్చు. ఎండ తగిలే చోట లేత రంగులు పసుపెక్కుతాయి.

అందువల్ల ఇల్లంతటికీ ఒకటే ఎంచుకోవడం దండగ. స్నానం చేసే చోటి నేలకు, కమోడ్ చుట్టూ, వంటగదిలో స్టవ్ వెనక గోడకు ఎపాక్సీ. బాత్రూమ్ పై గోడలకు, హాలుకు, గదులకు సిమెంటు గ్రౌటు. ఎంత కావాలో ఇలా లెక్కేయండి: టైలు పొడవు, వెడల్పుల మొత్తాన్ని వాటి లబ్ధంతో భాగించి, సందు లోతు, సందు వెడల్పు, 1.6 లతో గుణించాలి. కొలతలన్నీ మి.మీ.లలో ఉంటే జవాబు చదరపు మీటరుకు కిలోల్లో వస్తుంది. 300×300 టైలు, 8 మి.మీ. లోతు, 3 మి.మీ. సందు అయితే సుమారు 260 గ్రాములు. పదోవంతు అదనంగా కొనండి.

ఏది నింపినా పాతదాన్ని టైలు మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా తవ్వి తీయాలి. పైపైన పూసింది రేకులుగా లేచిపోతుంది. ఎపాక్సీకైతే సందు పూర్తిగా పొడిగా ఉండాలి, అందుకు నింపేముందు కనీసం ఒక రోజు బాత్రూమ్ వాడకండి. తవ్వేముందు నాణెంతో టైల్స్ తట్టి చూడండి. డొల్ల మోత వచ్చినవి ముందు మళ్లీ అతికించాలి, లేకపోతే కదలికకు కొత్త గ్రౌటు కూడా విరుగుతుంది. కింది అంతస్తు స్లాబు చెమ్మగిల్లుతుంటే మాత్రం గ్రౌటు మార్చి లాభం లేదు. తేడా టైల్స్ కింది వాటర్‌ప్రూఫింగ్ పొరలోనో, పైపులోనో ఉంటుంది.

నేల, గోడ కలిసే మూలల్లో ఈ రెండు గ్రౌట్లూ వద్దు. ఆ రెండు తలాలు వేర్వేరుగా కదులుతాయి, గట్టిగా బిగిసేది ఏదైనా అక్కడ చీలుతుంది. ఆ గీతంతా బూజు పట్టని శానిటరీ సిలికాన్ వేయండి. రాతి పలకలైతే న్యూట్రల్ రకం తీసుకోండి, వెనిగర్ వాసన వచ్చేది రాయికి మరక చేస్తుంది.