ఇరవై నెలల పాప, ఒక టెంటు, నాలుగు రోజుల సముద్రం

సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా ఉండగానే మా ఆయన గుంటూరులో మా మేడ మీద కొత్త టెంటు విప్పి చూసుకుంటున్నారు. "ఏరా, పసిపిల్లని తీసుకెళ్లి ఇసకలో పడుకోబెడతావా?" అన్నారు అత్తయ్య. అలా అన్న మనిషే శనివారం పొద్దున అందరికంటే ముందు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. వెనక సీట్లో నేను, పాప, రాగిపిండి డబ్బా, రెండు ఫ్లాస్కులు.

జనవరి అనుకోవడానికి కారణం ఉంది. కార్తీక మాసంలో బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు, అంత ఇసకలోనూ ఇసకేస్తే రాలదు. ఇప్పుడైతే ఎండ కూడా పిల్ల తట్టుకోగలిగినంతే ఉంటుంది.

పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక చేరడానికి, మధ్యలో టిఫిను ఆగినా, రెండు గంటలు పట్టలేదు. తీరం విశాలంగా ఉంది, ఇసక మెత్తన. కానీ అలలు కాళ్ల కింద ఇసకని లాగేస్తాయి. కాస్త లోపలికి దిగితే చాలు, పోలీసులు విజిల్ వేస్తున్నారు, వేయాల్సిందే కూడా. పాపని తడి ఇసక దాటనివ్వలేదు. దానికి ఆ లోటేమీ తెలియలేదు, రెండు గుప్పిళ్ల ఇసక తినేసింది.

టూరిజం వాళ్ల హరిత రిసార్టు బీచ్ దగ్గరే ఉంది గానీ, మేం ఆలస్యంగా అడిగాం, గదులు నిండిపోయాయి. దగ్గర్లోనే ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఫోన్లో గీజరు ఉందన్నారు, జనరేటరు ఉందన్నారు. రెండూ ఉన్నాయి, అబద్ధం చెప్పలేదు. కరెంటు పోతే జనరేటరు మీద గీజర్లు పనిచేయవన్న ముక్క మాత్రం చెప్పలేదు. రాత్రి ఎనిమిదికి ఒళ్లంతా ఉప్పూ ఇసకా అంటుకున్న పిల్లని ఎత్తుకుని నేను టెన్షన్ పడుతుంటే, అత్తయ్య నేరుగా వంటగదిలోకి వెళ్లి ఒక పెద్ద గిన్నెడు నీళ్లు కాయించుకొచ్చారు. వంటావిడ ఒక్క మాట అనలేదు, పైగా పాలు కూడా వెచ్చచేసి ఇచ్చింది. ఆ చోటికి నేను మార్కులు వేస్తే అవన్నీ ఆవిడవే. పిల్లలున్నవాళ్లు "గీజరు ఉందా" అని కాదు, "కరెంటు పోయినా వేడినీళ్లు వస్తాయా" అని అడగండి.

రెండో రోజు చీరాల దాటి వేటపాలెం. అత్తయ్య సోషల్ టీచరుగా రిటైరయ్యారు. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడకుండా కదలనన్నారు. పాప కార్లో నిద్రపోయింది కాబట్టి వంతులవారీగా లోపలికి వెళ్లొచ్చాం. తర్వాత మోటుపల్లి కథ మొదలైంది. 1244లో కాకతి గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకి అభయశాసనం వేయించిన రేవు అది. "ఓడ పగిలి కొట్టుకొచ్చిన సరుకుని రాజులు లాగేసుకునే రోజుల్లో ఈయన పన్ను మాత్రమే తీసుకుని సరుకు వర్తకుడికే వదిలాడు" అని క్లాసు పీకుతుంటే మా ఆయన జీడిపప్పు బేరంలో పడ్డారు.

ఆ రాత్రే టెంటు. బహిరంగ బీచ్ మీద వేసుకోవడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. రామాపురం వైపు మా మామయ్యగారి స్నేహితుడి సరుగుడు తోట ఉంది, అక్కడ అడిగి వేసుకున్నాం. టెంటుతో వచ్చిన మేకులు ఇసకలో నిలవనే లేదు, కొట్టడం పైకి రావడం. తోట కాపరి కాసేపు చూసి నవ్వి, నాలుగు ఖాళీ బియ్యం సంచులు తెచ్చాడు. వాటిలో ఇసక నింపి, మూతి బిగించి, తాడు కట్టి, మోచేతి లోతు గోతుల్లో పూడ్చాడు. నేను రెండు చేతులతో లాగినా తాడు కదల్లేదు. గాలి గురించి కూడా అతనే హెచ్చరించాడు, మేం వినలేదు. సాయంత్రం చల్లగా ఉందని గుమ్మం సముద్రం వైపు పెట్టి వెనక కిటికీ మూసేశాం. అర్ధరాత్రికి గాలి తోట వైపు నుంచి తిరిగింది. లోపల మా ఊపిరికే గుడ్డ గోడలు చెమర్చి, పాప దుప్పటి మీద చుక్కలు పడ్డాయి. కిటికీ తీశాక గానీ తగ్గలేదు. అత్తయ్య మాత్రం కాపరి ఇంట్లో నవారు మంచం మీద హాయిగా పడుకున్నారు. ఆ ఇంట్లో బాత్రూము ఉండబట్టే ఆ రాత్రి గడిచింది, లేకపోతే తెల్లవారకముందే గుంటూరు దారి పట్టేవాళ్లం.

మూడో రోజు 216 నంబరు జాతీయ రహదారి మీద రేపల్లె, పెనుమూడి వారధి. కృష్ణ దాటి పులిగడ్డ వైపు దిగగానే అత్తయ్య మాటలు ఆగిపోయాయి. ఈ దివిసీమని ముంచెత్తిన 1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఆ తరం వాళ్లకి చెప్పక్కర్లేదు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని పాలకాయతిప్ప బీచ్‌కి వెళ్లాం. మొత్తం ప్రయాణంలో అందమైన చోటు అదే. కానీ కృష్ణ సముద్రంలో కలిసే సంగమం దాకా ఇసక దారిలో మా చిన్న కారుని దింపడానికి ధైర్యం చాలలేదు. నీడ లేదు, డైపరు మార్చడానికి కారు డిక్కీయే గతి. పిల్ల ఐదేళ్లది అయ్యాక మళ్లీ వెళ్తాం.

ఆ రాత్రి బందరులో మామూలు లాడ్జి. ఫోటోల్లో చూపించుకోదగ్గది కాదు గానీ, బకెట్లో నీళ్లు పొగలు కక్కాయి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి మంగినపూడి. నల్లటి మట్టి చూసి మా ఆయన పెదవి విరిచారు. నా లెక్క వేరు. లోతు తక్కువ, అల వచ్చి పాప మోకాలి దగ్గరే నీరసపడిపోతుంది. మూడు రోజులుగా చెయ్యి పట్టుకుంటే ఏడ్చిన పిల్ల, గంటసేపు మా ఇద్దరి మధ్య బురదలో చతికిలబడి నీళ్లని చేత్తో కొడుతూ కూర్చుంది. ఎనిమిదిన్నరకి ఎండెక్కింది, లేచాం. బందరు లడ్డు ఒక కిలో కట్టించుకుని ఉయ్యూరు మీదుగా బెజవాడ వచ్చేదాకా పాప లేవలేదు. వారధి మీద ట్రాఫిక్‌లో కళ్లు తెరిచి, కింద కృష్ణని చూసి మళ్లీ చెప్పులు విప్పబోయింది.