హనీమూన్‌లో కార్లకి ఎంత చోటివ్వాలి? జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లో మా అనుభవం

మా ఆయనకి కార్ల పిచ్చి. హనీమూన్‌కి ఎక్కడికెళ్దాం అని అడిగితే తను పంపిన లిస్టులో ఒక్క సరస్సు లేదు, ఒక్క పాత ఊరు లేదు. అన్నీ ఫ్యాక్టరీలు, మ్యూజియంలు, ఒక రేస్ ట్రాక్. నాకు కార్ల మీద కోపమేమీ లేదు, ఏసీ పనిచేస్తే చాలు. కానీ పెళ్లైన కొత్తలో రోజుకో షోరూం చూడ్డానికి అంత దూరం వెళ్లడమెందుకు?

చివరికి ఒక షరతు మీద రాజీ పడ్డాం. కార్ల కోసం రాత్రి బస మార్చకూడదు. బస ఇద్దరికీ నచ్చిన చోటే. దారిలో పడిందా, పూట ఆగి చూస్తాం. లేదంటే కొట్టేస్తాం. ఈ ఒక్క షరతుతో లిస్టు సగానికి సగం తగ్గిపోయింది. మిగిలింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, స్టట్‌గార్ట్, మ్యూనిక్, ఆస్ట్రియా కొండలు, బొలోన్యా మీదుగా కోమో సరస్సు చేరి మిలాన్‌లో విమానం ఎక్కడం. వెళ్లే ఊరు ఒకటి, తిరిగొచ్చే ఊరు ఒకటిగా టికెట్ తీసుకుంటే వెనక్కి వచ్చే ఒక రోజు మిగులుతుంది. హనీమూన్‌లో ఒక రోజంటే చిన్న విషయం కాదు.

షరతుకి మినహాయింపు ఒక్కటే, న్యూర్‌బుర్గ్‌రింగ్ అనే రేస్ ట్రాక్. అక్కడికి రైలు లేదు, చుట్టూ ఐఫెల్ అడవులు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కారు తీసుకుని, ట్రాక్ దగ్గర్లోని ఆడెనౌ అనే ఊళ్లో ఒక రాత్రి ఉండి, ఆ కారుని స్టట్‌గార్ట్‌లో ఇచ్చేశాం. ఒకే దేశంలో ఊరు మారిస్తే అద్దె పెద్దగా పెరగదు. దేశం దాటి ఇస్తే మాత్రం వందల యూరోలు అదనంగా అడుగుతారు.

1927లో మొదలైన ఈ ట్రాక్‌లో నార్డ్‌ష్లైఫె అనే ఉత్తర వలయం 20.8 కిలోమీటర్లు. మామూలు జనానికి వదిలే వేళల్లో అది లెక్కప్రకారం టోల్ కట్టి వెళ్లే వన్‌వే రోడ్డు. లైసెన్స్ ఉంటే చాలు, కార్డు కొనుక్కుని గేటు దగ్గర తాకించి లోపలికి వెళ్లిపోవచ్చు. మేం వెళ్లినప్పుడు సోమవారం నుంచి గురువారం దాకా ల్యాప్‌కి 30 యూరోలు, మిగతా రోజుల్లో 35. ఇది చవకే. అసలు ఖర్చు వేరే చోట ఉంది. మామూలు అద్దె కారుని ఆ గేటు దాటిస్తే ఇన్సూరెన్స్ చెల్లదు, ఒప్పందంలోనే రాసి ఉంటుంది. తను అందుకే ట్రాక్ పక్కనే రోల్ కేజ్ (కారు బోల్తా పడినా లోపలివాళ్లని కాపాడే ఇనుప చట్రం) బిగించి అద్దెకిచ్చే చిన్న హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాడు, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్‌తో సహా. దానికీ ప్రమాదం జరిగితే మన జేబులోంచి పోయే మొత్తం వేలల్లోనే. రెయిలింగ్‌కి తగిలితే దాని బిల్లు కూడా మనదే.

నేను బ్రూన్‌షెన్ అనే మలుపు దగ్గర గట్టు మీద నిలబడ్డాను. అక్కడ చూడ్డానికి టికెట్ లేదు. మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులు పక్కన పెట్టుకుని కుటుంబాలకి కుటుంబాలే కూర్చున్నాయి. పోర్షెల వెనకే పైన సామాన్ల పెట్టె బిగించిన ఫ్యామిలీ కారొకటి టైర్లు కీచుమనిపిస్తూ వచ్చింది. ఇంతలో ఉన్నట్టుండి ఒక్క కారూ రావడం లేదు. కాసేపటికి పసుపు లైటు తిప్పుకుంటూ టోయింగ్ లారీ వెళ్లింది. ఎవరో గుద్దేశారు, ట్రాక్ మూసేశారు. నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. తను మాత్రం గేటు దగ్గర క్యూలో నిలబడి బర్గర్ తింటున్నాడని తర్వాత తెలిసింది. ఇలా మూసేయడం అక్కడ రోజూ ఉండేదే కాబట్టి మధ్యాహ్నం విమానం పెట్టుకుని ఇక్కడికి రావద్దు. కార్ల మీద ఆసక్తి లేనివాళ్లకి నేనిచ్చే సలహా, గట్టు మీద రెండు గంటలు బాగుంటుంది, మూడో గంట భారం.

ఆటోబాన్, అంటే జర్మనీ హైవేల గురించి అందరూ అడుగుతారు. స్పీడ్ లిమిట్ లేని భాగాలు నిజంగానే ఉన్నాయి, సలహాగా చెప్పే వేగం 130. కానీ రోడ్డు పనులు, లిమిట్ బోర్డులు, లారీలు పోగా తను కోరుకున్నంత వేగంగా వెళ్లిన సమయం పది నిమిషాలుంటుందేమో. ఎడమ లేన్ ఓవర్‌టేక్ చేయడానికే. పని అయ్యాక అందులోనే ఉండిపోతే వెనకాలవాడు ఊరుకోడు.

స్టట్‌గార్ట్‌లో పోర్షె, మెర్సిడెస్ మ్యూజియంలు రెండూ ఉన్నాయి, రెండింటికీ లోకల్ రైల్లో వెళ్లొచ్చు. పోర్షె మ్యూజియం తెల్లగా, శుభ్రంగా, కార్లు వరసగా పెట్టి ఉంటుంది. తెలిసినవాళ్లకి పండగ, నాకు గంటలో అయిపోయింది. మెర్సిడెస్ మాత్రం నన్ను కూడా కూర్చోబెట్టింది. లిఫ్టులో పై అంతస్తుకి తీసుకెళ్తారు, అక్కడ ముందు ఒక తెల్ల గుర్రం బొమ్మ, తర్వాత 1886 నాటి మూడు చక్రాల బెంజ్ బండి. అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతుంటే కాలం కూడా ముందుకి నడుస్తుంది. గల్‌వింగ్ కారు తలుపులు పైకి ఎందుకు లేస్తాయో అక్కడే తెలిసింది. బరువు తగ్గించడానికి సన్నని ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం పక్కల ఎత్తుగా ఉండటంతో మామూలు తలుపుకి చోటు లేదు. అందుకని పైకి తెరిచారు. స్టైల్ కోసం అనుకున్నాను ఇన్నాళ్లూ.

నాకు నచ్చిన మనిషి బెర్తా బెంజ్. 1888లో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండి తోలుకెళ్లింది. వంద కిలోమీటర్ల పైమాటే. ఇంధనం అయిపోతే వీస్లోఖ్‌లో మందుల షాపులో కొంది, గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. ఈ కథ చెప్పి, మరి మన స్టీరింగ్ నాకెప్పుడిస్తావ్ అని అడిగాను. ఒప్పందంలో రెండో డ్రైవర్ పేరు లేదన్నాడు. తర్వాతి కారుకి ఆ పేరు కూడా రాయించాం, రోజుకింత అని కొంచెం ఎక్కువ పడుతుంది.

మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వెల్ట్ అనే కంపెనీ షోరూంకి ప్రవేశం ఉచితం, పక్కనున్న మ్యూజియంకి టికెట్. సమయం తక్కువైతే వెల్ట్ ఒక్కటీ చాలు. కొత్త కారు కొన్నవాళ్లకి తాళాలు అక్కడే ఇస్తారు. గుండ్రంగా తిరిగే తిన్నె మీద కారు, పక్కన ముసలి దంపతులు, ఆవిడ సీటు సర్దుకోవడానికే పావుగంట పట్టింది. పైనుంచి చూస్తూ మేం కదల్లేదు.

మ్యూనిక్‌లో మళ్లీ కారు తీసుకున్నాం, ఈసారి కొండల కోసం. ఇక్కడే జాగ్రత్త పడాల్సినవి ఎక్కువ. డిపాజిట్ కోసం డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. ఆటోమేటిక్ కావాలంటే ముందే ఆటోమేటిక్ అని బుక్ చేయాలి. మేం చేశాం, అయినా కౌంటర్‌లో మాన్యువల్ ఇవ్వబోయారు, కాదంటే పెద్ద కారుకి డబ్బు కట్టమన్నారు. బుకింగ్ కాగితం చూపించి గట్టిగా నిలబడితే అరగంటకి ఇచ్చారు. కారు ఏయే దేశాల్లోకి వెళ్లొచ్చో రాతలో అడగండి. ఖరీదైన మోడళ్లని ఇటలీకి పంపని కంపెనీలున్నాయి. ఆస్ట్రియా హైవేకి విన్యెట్ అనే టోల్ పాస్ సరిహద్దు దాటకముందే తీసుకోవాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అసలు లైసెన్స్‌తో కలిపి చూపించాలి.

బసల విషయంలో ఒక హెచ్చరిక. జర్మనీ, ఆస్ట్రియాల్లో డబుల్ రూం అంటే చాలాచోట్ల ఒకే మంచం మీద రెండు పరుపులు, రెండు వేరు వేరు రజాయిలు, నడుమ ఒక సందు. కొత్త దంపతులకి ఇది బాగా తెలిసొస్తుంది. బుక్ చేసేటప్పుడే ఒకటే పరుపు కావాలని రాయండి. హనీమూన్ అని రాస్తే కొన్నిచోట్ల పూలు పెట్టారు, కొన్నిచోట్ల పట్టించుకోలేదు. సందు పూడ్చినవాళ్లు మాత్రం ఒక్కరే, ఆస్ట్రియాలోని త్సెల్ ఆమ్ జే అనే ఊళ్లో సరస్సు పక్కన ఒక కుటుంబం నడిపే చిన్న హోటల్ వాళ్లు. ఆ ఊళ్లో చాలా హోటళ్లు వేసవిలో గదితో పాటు ఒక కార్డు ఇస్తాయి, రోప్‌వేలు అందులోనే వచ్చేస్తాయి. హోటల్ ఎంచుకునే ముందు ఆ కార్డు ఉందో లేదో చూసుకోండి.

అక్కడి నుంచి గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు. మొత్తం ప్రయాణంలో ఇద్దరికీ సమానంగా నచ్చింది ఇదే. 1935లో తెరిచిన ఈ 48 కిలోమీటర్ల దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. రోజు టోల్ 40 యూరోలు దాటుతుంది, కానీ పోయిందనిపించదు. రోడ్డు వెడల్పు, ఆగడానికి చోట్లు బోలెడు. ఎడెల్‌వైస్‌ష్పిట్సె అనే శిఖరం 2571 మీటర్ల ఎత్తు, చివరి ముక్క రాళ్లు పరిచిన ఇరుకు దారి. మలుపులో ఎదురుగా మోటార్‌సైకిళ్ల గుంపు వస్తే ఊపిరి బిగబట్టుకోవాల్సిందే. కంపెనీలు ఇంకా మార్కెట్లోకి రాని కార్లని నలుపు తెలుపు గజిబిజి స్టిక్కర్లు అతికించి ఈ రోడ్డు మీద పరీక్షిస్తుంటాయి. అలాంటిది ఒకటి కనపడితే మా ఆయన దాని వెనకే పార్కింగ్‌లోకి తిప్పాడు. నేనేమో అవతలి పక్క కైజర్ ఫ్రాంజ్ యోసెఫ్స్ హోహె దగ్గర బండల మీద బొద్దుగా కూర్చున్న మార్మోట్లనే కొండ ఉడతల్ని, కింద కరిగి తగ్గిపోతున్న పాస్టెర్ట్సె హిమానీనదాన్ని చూస్తూ ఉండిపోయాను.

దిగేటప్పుడు కింది గేరులో దిగండి. బ్రేకు మీదే కాలు ఉంచినవాళ్ల కార్ల నుంచి మాడు వాసన దూరానికే తెలుస్తోంది. రోడ్డు సుమారుగా మే మొదట్లో తెరిచి నవంబర్ మొదట్లో మూస్తారు, రాత్రిళ్లు ఎలాగూ మూసే ఉంటుంది.

ఇటలీలోని స్టెల్వియో కనుమకి కూడా వెళ్లాం. ప్రాటో వైపు 48 మలుపులు, ఎత్తు 2757 మీటర్లు, టోల్ లేదు. ఫొటోల్లో దీన్ని మించింది లేదు. నడిపేటప్పుడు మాత్రం ఇరుకు రోడ్డు, సైకిళ్లు, మలుపు మొత్తం ఆక్రమించే బస్సులు. రెండింటిలో ఒకటే అంటే కళ్లు మూసుకుని గ్రోస్‌గ్లాక్నర్ అంటాను. తను ఒప్పుకోడు.

కారు మ్యూనిక్‌లో ఇచ్చేసి బ్రెన్నర్ కనుమ మీదుగా రైల్లో బొలోన్యాకి వచ్చాం. ఇటలీ పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ అని బయటి కార్లు రాకూడని వీధులుంటాయి. కెమెరా పట్టేస్తుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది, అద్దె కంపెనీ తన ఫీజు వేరే వేసుకుంటుంది. అందుకే రైలు. మోడెనాలో ఎన్జో ఫెరారీ మ్యూజియం స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. పసుపు రంగు కప్పు కింద తెల్లటి హాలు, 1898లో ఆయన పుట్టిన ఇల్లు పక్కనే. ఫెరారీ ఫ్యాక్టరీ ఉన్న మారనెల్లో ఊరికి అక్కడి నుంచి షటిల్ బస్సు, రెండు మ్యూజియంలకీ కలిపి టికెట్ దొరుకుతుంది. నాకు మోడెనా చాలు, తనకి మారనెల్లో రేసు కార్ల గది ముఖ్యం. మ్యూజియం బయట పది నిమిషాలు ఫెరారీ నడిపించే దుకాణాలు పిలుస్తుంటాయి. అదే డబ్బుతో బొలోన్యాలో ఇద్దరం రాజాలా రెండు పూటలు తినొచ్చని చెప్పి పక్కకి లాగాను. లాంబోర్గినీ, పగానీ ఫ్యాక్టరీలు చూడాలంటే ముందే బుక్ చేసుకోవాలి.

చివరి బస కోమో సరస్సు పక్కన వరెన్నా, మిలాన్ నుంచి రైల్లో గంట. ఇక్కడ కారు పూర్తిగా నిషేధం, మా ఇంటి చట్టం ప్రకారం. ఊరంతా మెట్లే కాబట్టి పెద్ద సూట్‌కేసుతో రావద్దు. బెల్లాజియోకి ఫెర్రీ పావుగంట. నీళ్లవైపు గదికి ఎక్కువ అడుగుతారు, ప్రయాణం మొత్తంలో అదనంగా డబ్బు పెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టండి. మా ఆయన లాంటివాళ్లకి ఒక మాట, మే నెలలో ఇదే సరస్సు ఒడ్డున చెర్నోబ్బియోలో విల్లా దెస్తె పాత కార్ల ప్రదర్శన జరుగుతుంది. ఆ వారంలో గదులు దొరకవు.

తేదీలు పెట్టుకునేటప్పుడు స్టట్‌గార్ట్, మ్యూనిక్ మ్యూజియంలకి సోమవారం సెలవని, ఆగస్టులో ఇటలీ ఫ్యాక్టరీలు మూతపడతాయని, జూన్ రాకముందు స్టెల్వియో తెరవకపోవచ్చని చూసుకుంటే జూన్ చివర, లేదా సెప్టెంబర్ మిగులుతాయి. షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే పెట్టాలి, కాబట్టి బసలు ఖాయం చేశాకే ఫారం నింపండి.