బ్యాంకాక్‌లో చేతిలో ఒక్కరోజే ఉంటే: నది వైపా, సియామ్ వైపా?

పట్టాయాకో ఫుకెట్‌కో పోయే కుటుంబాలకు బ్యాంకాక్ చూడటానికి తరచూ మిగిలేది ఒక్కరోజే. ఆ రోజును రెండు రకాలుగా గడపొచ్చు. చావొ ఫ్రాయా నది ఒడ్డున పాత ఊరు ఉంది: గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ (వాట్ అంటే గుడి). వంతెన మీద నడిచే స్కైట్రైన్ దారిలో కొత్త ఊరు ఉంది: సియామ్ అనే ప్రాంతంలోని మాల్స్, వాటి కింద అక్వేరియం, ఎరావన్ బ్రహ్మ, మహానఖోన్ భవనం మీది గాజు నేల. మ్యాప్‌లో చూస్తే రెండూ చుట్టేయొచ్చు అనిపిస్తుంది. ఆ ఎండలో పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని మాత్రం కుదరదు. ఒకటి వదులుకోవాల్సిందే.

నా ఓటు నదికే. మాల్స్ బాగోవని కాదు. అలాంటివి హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, గ్రాండ్ ప్యాలెస్‌లో ఉన్నది ఇంకెక్కడా లేదు.

1782లో థాయ్ రాజు మొదటి రామ రాజధానిని నదికి ఈ వైపు మార్చి కట్టించిన కోట అది. లోపలున్న వాట్ ఫ్రా కేవ్‌లో పచ్చరాతి బుద్ధుడు 66 సెంటీమీటర్ల ఎత్తే. ఏడాదికి మూడుసార్లు, ఋతువు మారినప్పుడల్లా, రాజే వచ్చి స్వామికి బంగారు దుస్తులు మారుస్తారు. కానీ మనవాళ్లను ఎక్కువసేపు నిలబెట్టేవి చుట్టూ ఉన్న మండపం గోడలు. 178 చిత్రాల్లో మొత్తం రామాయణం ఉంటుంది. థాయ్‌లాండ్‌లో దాని పేరు రామకియెన్. పైన కప్పు ఉంది కాబట్టి నీడ కూడా. అమ్మమ్మ ఉంటే గైడ్‌తో పనిలేదు, ఆమే ఒక్కో ఘట్టం గుర్తుపట్టి మనవలకు కథ చెబుతుంది. ఒక్కచోట మాత్రం ఆగిపోతుంది: ఇక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాదు! రావణుడి కూతురైన మత్స్యకన్యను వలచి కొడుకును కంటాడు. మైరావణుడి కథలో మత్స్యవల్లభుడి గురించి విన్నవాళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు. గుమ్మాల దగ్గర నిలబడ్డ రాక్షసుల్లో రావణుడు ఎవరో, ఇంద్రజిత్తు ఎవరో వెతికే పని పిల్లలకు అప్పజెప్పండి, అరగంట మీకు ప్రశాంతం.

ఇక ఇబ్బందులు. 8:30కి తలుపులు తీస్తారు, 3:30 దాటితే టికెట్ ఇవ్వరు. పది తర్వాత వెళ్తే జనం, ఎండ కలిసి ఒళ్లు హూనం చేస్తాయి. మోకాళ్లు, భుజాలు కప్పుకోకపోతే లోపలికి పంపరు. చీర, చుడీదార్, ప్యాంటు వేసుకున్నవాళ్లకు ఏ సమస్యా లేదు, ఇరుక్కునేది షార్ట్స్‌లో వచ్చే బాబాయిలే. గేటు దూరంలో ఉండగానే ఎవరో పెద్దమనిషి ఎదురై, "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుళ్లు చూపిస్తా" అంటూ టుక్‌టుక్ ఎక్కించబోతాడు. ఆ బండి చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందే. మాట్లాడకుండా గేటు దాకా నడవండి.

అక్కడికి దగ్గర్లోనే వాట్ ఫో. 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు. వెనక వరుసగా 108 పాత్రలుంటాయి, చిల్లర కొని ఒక్కోదానిలో ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. ఇది మా పిల్లలకు తెగ నచ్చింది. థాయ్ మసాజ్‌కు పేరుమోసిన చోటు కూడా ఇదే, తాతయ్య కాళ్లు పట్టించుకోవచ్చు. అక్కడితో చాలు. వాట్ అరుణ్ మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ ఒడ్డు నుంచే చూసి దండం పెట్టుకోవచ్చు.

రాకపోకలకు కారు వద్దు. స్కైట్రైన్‌లో సఫాన్ తక్సిన్ దాకా వచ్చి, పక్కనే ఉన్న సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కి తా చాంగ్‌లో దిగితే సరి. టికెట్ 16 బాత్. పిల్లలకు ఆ పడవ ప్రయాణమే సగం సరదా.

సియామ్ రోజు గురించి చెప్పడానికి ఇంత లేదు. అది సుఖమైన రోజు. స్టేషన్ నుంచి నేరుగా మాల్‌లోకి నడవొచ్చు, ఏసీ ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది. మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంటికి ఇవి చిన్న విషయాలు కావు. ఎండ తగలకుండా స్కైవాక్ మీదే ఎరావన్ బ్రహ్మ దాకా వెళ్లొచ్చు. 1956లో పక్కన హోటల్ కట్టేటప్పుడు వరుసగా ప్రమాదాలు జరిగితే జ్యోతిష్కుడి మాట మీద ప్రతిష్ఠించిన దేవుడు ఆయన. మొక్కు తీరినవాళ్లు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు, మన పుణ్యం బాగుంటే చూడొచ్చు.

గుళ్లంటే చవక అనుకుంటారు గానీ ఖర్చులో పెద్ద తేడా లేదు. విదేశీయులకు ప్యాలెస్ 500, వాట్ ఫో 300, వాట్ అరుణ్ కూడా ఎక్కితే 200 బాత్. అంటే మనిషికి వెయ్యి. మహానఖోన్ పైకి ఎక్కడానికీ ఇంచుమించు అంతే, అక్వేరియం కూడా ఆ దరిదాపే. అయితే 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్యాలెస్‌లో, వాట్ ఫోలో టికెట్ లేదు.

భోజనంలో సియామ్‌దే పైచేయి, ఫుడ్‌కోర్టుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. నది వైపు శాకాహారులకు కష్టమే, ఉత్త కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని ఉన్న కొట్టు కనిపిస్తే ధైర్యంగా తినొచ్చు, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. లేదంటే వాట్ ఫో దగ్గర సనమ్ చాయ్‌లో మెట్రో ఎక్కి, తర్వాతి స్టేషన్ సామ్ యోత్‌లో దిగి ఫాహురాత్ నడవండి. అది భారతీయుల బజారు, రోటీ, పప్పు దొరుకుతాయి.

వ్యాన్‌లో అన్నీ చూపించే ప్యాకేజీ మూడో దారి. నడవలేని పెద్దలుంటే తప్ప నేను సిఫారసు చేయను, షాపింగ్ పేరుతో రెండు గంటలు పోతాయి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వానలు ఎక్కువ. పొద్దున్నే ఆకాశం కురుస్తుంటే ఆలోచించకుండా సియామ్‌కే వెళ్లండి. ఐదేళ్ల లోపు పిల్లలు ఇద్దరున్నా అంతే. మిగతావాళ్లు ఏడున్నరకల్లా సాథోర్న్ రేవులో ఉండాలి.