బాలింత పిల్లికి బలమైన తిండి: రాయల్ కానిన్ మదర్ అండ్ బేబీక్యాట్

మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద పిల్లల్ని పెట్టిన వీధిపిల్లి కోసం ఈ గింజల తిండి 400 గ్రాముల ప్యాకెట్ తెప్పించాను. పాలిచ్చే పిల్లికి మామూలు కన్నా రెండు మూడు రెట్లు తిండి కావాలి. పెరుగన్నంతో ఆ ఆకలి తీరదు పాపం. ఎముకలు తేలిన తల్లి దీంతో మళ్లీ ఒళ్లు చేసింది, నా టెన్షన్ తగ్గింది. గింజలు చాలా చిన్నవి. గోరువెచ్చని నీళ్లు పోస్తే ఇట్టే మెత్తబడతాయి. నాలుగో వారం దాటాక కూనలకు ఆ ముద్దే పెట్టాను, మూతులకు పూసుకుని మరీ నాకేశాయి. ఖరీదు ఎక్కువే, అయినా మళ్లీ కొంటాను. పక్కన మంచినీళ్ల గిన్నె పెట్టండి. ఆవుపాలు మాత్రం పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి. ఇది పాలపొడి కాదు. తల్లి లేని పసికూనలకైతే తల్లిపాలకు బదులుగా పట్టే కిటెన్ మిల్క్ రీప్లేసర్ అని అడిగి కొనండి.