తెనాలి దగ్గర ఊళ్ళో ఈస్టర్ ఆరాధన: పాటల కోసమైనా వెళ్ళాలి

2025 ఈస్టర్‌కి, అంటే ఏప్రిల్ 20న, తెనాలి దగ్గర మా అత్తగారి ఊరి లూథరన్ చర్చికి వెళ్ళొచ్చాం. పాటలు బాగుంటాయని మా ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ చెబుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

ఆరాధన మొదలయ్యేది చర్చిలో కాదు, సమాధుల తోటలో. తెల్లవారుజామున 4 గంటలకే జనం వచ్చేశారు. ముందురోజు సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు. గాలికి ఒకటి ఆరిపోతే పిల్లలు పక్క సమాధి మీది కొవ్వొత్తి తెచ్చి వెలిగిస్తున్నారు. గోడ పక్కన వరిగడ్డి మంట వేసి ఇద్దరు డప్పులు కాస్తున్నారు, వేళ్ళతో కొట్టి చూసి మోత సరిగ్గా లేకపోతే మళ్ళీ మంటకి చూపిస్తున్నారు. పాస్టర్ గారు "క్రీస్తు లేచెను" అన్నారు, అందరూ "నిజముగా లేచెను" అన్నారు, అలా మూడుసార్లు, మూడోసారి మాట పూర్తి కాకముందే డప్పు అందుకుంది. ఒళ్ళు జలదరించింది. రెండేళ్ళ కిందట పోయిన మామయ్యగారి సమాధి దగ్గర నిలబడి అత్తయ్య చప్పట్లు కొడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఒక్క చరణం కూడా వదలకుండా పాడింది.

అక్కడి నుంచి చర్చి దాకా ఊరేగింపు, దారంతా కీర్తనలే. అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టారు, కానీ ఈ కీర్తనల్లో చాలావాటి వరసలు మనవే, పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం కూడా వేసి ఉంటాయి. ముందు నడిచే పెద్దాయన ఒక లైను అందిస్తే వెనకున్న ఆడవాళ్ళు అందుకోవడం, మధ్యలో ఢోలక్, తాళాలు... పుస్తకం లేకపోయినా రెండో చరణానికల్లా నేనూ పాడేశాను.

లోపలికొచ్చాక మాత్రం నిరాశపడ్డాను. కుర్రాళ్ళు కీబోర్డు, ప్యాడ్ బాగానే వాయించారు, నిజంగా ప్రాక్టీసు చేశారని తెలుస్తోంది, కానీ స్పీకర్ల సౌండు ఎంత పెట్టారంటే అప్పటిదాకా గొంతెత్తి పాడిన జనమంతా పాట ఆపేసి చూస్తూ ఉండిపోయారు. సౌండు సగానికి తగ్గిస్తే చాలు, ఆ పెద్దవాళ్ళు మళ్ళీ పాడతారు. ప్రసంగం చిన్నదే, బాగుంది. ప్రభు భోజనానికి వరుస పెద్దది, చంటిపిల్లలుంటే వెనక తలుపు దగ్గర కూర్చోండి, గాలి తగులుతుంది.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. మీ వైపు పల్లె చర్చిలో తోట ఆరాధన ఉందేమో ముందే కనుక్కుని, 4 గంటలకల్లా అక్కడుండండి. 6కి వెళితే మీకు స్పీకర్లే దొరుకుతాయి.