‘4 రోజుల్లో పబ్లికేషన్’ అని మెసేజ్ వస్తే పైసలు కట్టకండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముఖ్యంగా పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లూ, ఇది ఒక్కసారి చదవండి. స్కాలర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఏదో రీసెర్చ్ జర్నల్ అట, సమాఖ్య వ్యవస్థ, స్థానిక పాలన మీద ప్రత్యేక సంచిక అట, 4 రోజుల్లో మన పరిశోధన పేపర్ వేస్తారట, 3,500 రూపాయలట. పోయినేడు నేను కట్టాను. పైసల సంగతి పక్కన పెట్టండి, నా పేపరే పోయింది.

మూడేళ్ల పని అది. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఊరూరా తిరిగి, తాగునీటి విషయంలో ఎవరి మాట ఎక్కడిదాకా చెల్లుతుందో రాసుకున్నాను. రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గవి 29 అంశాలు, అందులో తాగునీరు ఒకటి. కాగితం మీద అంతవరకు బాగుంది. ఊళ్లోకి వెళ్తే మిషన్ భగీరథ నీళ్లు తెచ్చేది రాష్ట్రం. కేంద్రం నుంచి 2021-26కు వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పెట్టాలన్న షరతు ఢిల్లీది. నల్లా రాకపోతే జనం నిలదీసేది మాత్రం సర్పంచ్‌ను. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంగిపోయి గడపలో కూర్చున్న ఒక పెద్దాయన, నేను రాసుకుంటుంటే చూసి, ‘బిడ్డా, ఇది పైదాకా పోతదా?’ అని అడిగాడు. పోతది తాతా అన్నాను.

పేపర్ పంపిన మర్నాడు మధ్యాహ్నానికే ఓకే అయిందని మెయిల్. పేపర్ చదివిన నిపుణులు తప్పొప్పులు రాయాల్సిన రివ్యూ ఫారంలో ఐదు గళ్లకూ టిక్కులు, కింద ‘గుడ్ వర్క్’ అని రెండు ముక్కలు. 22 పేజీలు నిజంగా చదివిన మనిషికి ఒక్క ప్రశ్నన్నా రాకుండా ఉంటుందా? అక్కడే ఆగాల్సింది. థీసిస్ గడువు టెన్షన్‌లో ఫోన్‌పే కొట్టేశాను. తర్వాత డీఓఐకి, అంటే పేపర్‌ను ఆన్‌లైన్‌లో గుర్తుపట్టే శాశ్వత నంబరుకు 800, పుస్తకం కాపీకి 600. బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్ వచ్చింది.

పేపర్ తెరిచి చూస్తే ప్రాణం ఉసూరుమంది. టేబుల్‌లో గళ్లు జరిగిపోయాయి. కేంద్రం షరతు గడిలో ఉండాల్సిన 60 శాతం పంచాయతీ సొంత ఆదాయం గడిలోకి వెళ్లింది. అంటే మా పంచాయతీలు తమ సొమ్ములో 60 శాతం తామే సంపాదించుకుంటున్నాయని నా పేరు మీద అచ్చయింది. నేను చెప్పిందానికి పూర్తిగా రివర్సు. సరిచేయమంటే 1,500 అడిగారు. వెనక్కి తీసుకుంటానంటే 6,000 అన్నారు. కొన్ని నెలలకు వెబ్‌సైటే లేకుండా పోయింది.

సరే, మంచి జర్నల్‌కు పంపుదామని చూస్తే, ఇది ముందే అచ్చయిందని తిప్పి పంపారు. అది వాళ్ల తప్పు కాదు. ఒకచోట వచ్చిన పేపర్‌ను మరోచోట వేయకూడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. వెబ్‌సైట్ మాయమైనా, పేపర్ హక్కులు వాళ్లకు రాసిచ్చే కాపీరైట్ ఫారం మీద నా సంతకం ఉంది, కాపీ కొట్టింది పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో నా వాక్యాలే నన్ను పట్టిస్తున్నాయి.

వాళ్లు చూపించేవాటికి పడిపోకండి. ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది జర్నల్‌కు ఇచ్చే 8 అంకెల గుర్తింపు నంబరు, అంతే. దానికీ నాణ్యతకూ సంబంధం లేదు. ‘యూజీసీ కేర్ జర్నల్’ అని ఇప్పటికీ రాస్తున్నారు, అది యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నమ్మదగ్గవని గుర్తించిన జర్నల్స్ లిస్టు, దాన్ని 2025 ఫిబ్రవరిలోనే ఎత్తేసింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లను వేరేవాళ్లు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారో చెప్పే అంకె, దాన్ని ఇచ్చేది క్లారివేట్ సంస్థ, ఏవేవో పేర్లతో 7.8, 8.2 అని వేసుకునే అంకెలకు విలువ లేదు. పాత సంచికలోని ఒక పేపర్ డీఓఐని తీసుకుని డీఓఐ డాట్ ఆర్గ్‌లో కొట్టి చూడండి. నాకిచ్చింది అసలు తెరుచుకోలేదు, ముందే చూసుకుని ఉంటే 800 అయినా మిగిలేది.

ఫీజు అడిగిన ప్రతి జర్నలూ మోసం కాదు. ఎవరైనా ఉచితంగా చదివేలా పెట్టే మంచి జర్నల్స్ కూడా తీసుకుంటాయి. అయితే ఎంతన్నది ముందే సైట్లో ఉంటుంది, మామూలుగా రివ్యూ అయ్యాకే అడుగుతారు. ఉచితంగా చదవగలిగే మంచి జర్నల్స్‌ను చూపే డీఓఏజే జాబితాలో పేరుందేమో చూడండి. సమాఖ్య వ్యవస్థ మీదే 1971 నుంచి వస్తున్న ‘పబ్లియస్’ జర్నల్ ఉంది, మన దగ్గర ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ ఉంది. నెలలు పడుతుంది, తిప్పి పంపవచ్చు కూడా. ఆ తిప్పి పంపిన కాగితంలోనైనా చదివినవాళ్ల మాటలు నాలుగుంటాయి.

ఇంకో సంగతి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి కాబట్టి, సీనియర్లు చెప్పారని వదిలేయకుండా మీ యూనివర్సిటీ రూల్స్ మీరే చదువుకోండి. నేను చదవకుండానే పరుగెత్తాను.

పైసలు కట్టేసి, కాపీరైట్ ఫారం ఇంకా పంపనివాళ్లు ఉంటే దాని మీద సంతకం పెట్టకండి. పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఇవాళే మెయిల్ పెట్టి, ఆ మెయిల్ దాచుకోండి. పైసల కోసం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.