చెన్నై చెమటలో నడుం నొప్పికి ఏ ప్యాచ్ మేలు?

చెన్నైలోని మాంబలం చుట్టుపక్కల తెలుగు ఇళ్లల్లో నడుము పట్టేసినవారు మందుల షాపుకు బయలుదేరే ముందు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: చర్మం మీద అంటించే మందు పట్టీల్లో చల్లదనాన్నిచ్చే మెంథాల్ ప్యాచ్ కొనాలా, వాపు, నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ప్యాచ్ కొనాలా? నా దృష్టిలో ఈ ఊళ్లో ఎంపికను తేల్చేది చెమట.

మెంథాల్, మిథైల్ శాలిసిలేట్ కలిసిన పట్టీ (1934 నుంచి జపాన్‌లో ఉన్న సలోన్‌పాస్ ఈ కోవలోదే) అంటించిన కొద్ది నిమిషాలకే చల్లదనం, ఆ వెనుక సన్నని మంట పుట్టించి నొప్పి మీది ధ్యాసను మళ్లిస్తుంది. మధ్యాహ్నానికి ఊడిపోయినా పెద్ద నష్టం లేదు. డైక్లోఫెనాక్ అలా కాదు. అది చర్మం గుండా మెల్లగా లోపలికి ఇంకి, గంటలు గడిచాక గాని తగినంతగా చేరదు, ప్యాచ్ అంచు లేచిన మేరకు అసలు చేరనే చేరదు. కర్తరి ఎండల్లో ఉదయం అంటించుకుని లోకల్ ట్రైన్ ఎక్కితే జరిగేది అదే. చీర కట్టుకునేవారికైతే లంగా బొందు సరిగ్గా ప్యాచ్ కింది అంచు మీదికే వస్తుంది. నడిచినప్పుడల్లా ఆ ఒరిపిడికి మూల చుట్టుకుపోయి, జిగురుకు నూలుపోగులు పట్టుకుంటాయి; ఆ తరువాత ఎంత అదిమినా అది అంటదు.

అయినా నా మొగ్గు డైక్లోఫెనాక్ వైపే, కాకపోతే రాత్రి పూట. బరువెత్తినప్పుడో, వంగి లేచినప్పుడో కండరం పట్టేసిన నొప్పికి వాపును తగ్గించే మందు కావాలి, మెంథాల్ చల్లదనం చేసే పని అది కాదు. రాత్రి స్నానం చేసి, నడుమును పొడిగా తుడుచుకుని, ఫ్యాను కింద కాసేపు ఆరనిచ్చి, నూనె, పౌడరు తగలని చర్మం మీద ఇంట్లో మరొకరి చేత అంటింపించుకోవాలి. కొద్దిగా ముందుకు వంగి నిలబడితే తరువాత కదిలినప్పుడు చర్మం లాగదు. కొన్ని రకాలను 12 గంటలకు, కొన్నింటిని 24 గంటలకు మార్చాలి కనుక పెట్టె మీద చూసుకోవాలి. దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, వేడికి మందు అవసరానికి మించి లోపలికి వెళుతుంది. పగలు పని మానలేనివారికి మెంథాల్ పట్టీయే గతి. అయితే చెమ్మగా ఉన్న చర్మం మీద అది మరింత మండుతుంది. ఇలాంటి పైపూత మందుల వల్ల అరుదుగా చర్మం కాలిన గాయాలు అయ్యాయని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా, కాబట్టి మంట ఎక్కువైతే ఓర్చుకోకుండా వెంటనే తీసేయాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడే పెద్దవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ రెండింటిలో దేన్నీ అంటించుకోకూడదు. మిథైల్ శాలిసిలేట్ కూడా ఆస్పిరిన్ కుటుంబానిదే, చర్మం గుండా వెళ్లినా రక్తస్రావం ముప్పును పెంచగలదు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉన్నవారికీ, గర్భిణులకూ ఇదే మాట. డైక్లోఫెనాక్ మాత్ర మింగుతూ అదే మందు ప్యాచ్‌ను వేసుకోవడం కూడా తగదు.

చర్మాన్ని మొద్దుబార్చే లిడోకెయిన్ మందు ప్యాచ్‌కు 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది అక్కి తగ్గాక మిగిలే నరాల నొప్పి కోసం, మామూలు నడుం నొప్పికి దాని మీద డబ్బు పెట్టనక్కరలేదు. ఇనుప పొడి గాలి తగిలి వేడెక్కే హీట్ ప్యాచ్ నిజంగా ఉపశమనం ఇచ్చేదే గాని, మే నెల చెన్నైలో దాన్ని కట్టుకుని తిరిగే ఓపిక ఎవరికుంటుంది?

పిర్ర నుంచి పిక్క దాకా లాగే నొప్పికి పైన చెప్పినవేవీ పెద్దగా పనిచేయవు, ఎందుకంటే వెన్నుపూసల దగ్గర నరం నొక్కుకుపోయిన చోటికి పైన అంటించిన మందు చేరదు. కాలు చచ్చుబడినట్లు అనిపించినా, మూత్రం మీద పట్టు తప్పినా ప్యాచ్ మాట పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.